గోడల్లో గడియారం ఉన్న ఇల్లు: తొమ్మిదేళ్లవాడిని చదవనివ్వొచ్చా? పెద్దవాళ్లెవరైనా చదివారా?

నోవై అమ్మ:

మా వాడు నాలుగో క్లాసు. స్కూల్ లైబ్రరీ నుంచి జాన్ బెల్లెయిర్స్ రాసిన ‘ద హౌస్ విత్ ఎ క్లాక్ ఇన్ ఇట్స్ వాల్స్’ తెచ్చుకున్నాడు. మా అత్తగారు ఇప్పుడు మా దగ్గరే ఉన్నారు. అట్ట మీద బొమ్మ చూడగానే “రాత్రిపూట ఈ దయ్యాల పుస్తకాలేమిటమ్మా, పిల్లాడు జడుసుకుంటాడు” అని మొదలుపెట్టారు. వాడు జడుసుకోలేదు గానీ, పడుకునే ముందు గోడకి చెవి ఆనించి వింటున్నాడు. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ ఆన్ అయినప్పుడల్లా “అమ్మా, విను విను” అంటున్నాడు. ఇలా కాదని, వాడు స్కూలుకి వెళ్లాక నేనే కూర్చుని చదివేశాను.

కథంతా చెప్పేస్తున్నాను, చదవాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోండి.

1948. అమ్మానాన్నలు కారు ప్రమాదంలో పోతే, లూయిస్ అనే పదేళ్ల పిల్లాడు విస్కాన్సిన్ నుంచి ఒక్కడే బస్సెక్కి, మన మిషిగన్‌లోనే న్యూ జెబెడీ అనే చిన్న ఊరికి వస్తాడు. అక్కడ వాళ్ల నాన్నకి తోడబుట్టిన జోనథన్ ఉంటాడు. ఎర్రగడ్డం, పైపు, బోలెడంత ప్రేమ. చిన్న చిన్న మాయలు చేసే మంత్రగాడు. పక్కింటి జిమ్మర్‌మన్ గారు ఆయన్ని మించిన మంత్రగత్తె, ఆవిడకి కట్టుకునే బట్టల దగ్గర్నుంచి అన్నీ ఊదారంగే. ఇంతవరకు ముచ్చటగా ఉంది. కానీ ఆ ఇంట్లో ఇదివరకు ఐజాక్ ఇజార్డ్ అని ఒక దుర్మార్గుడు, వాడి భార్య సెలెన్నా ఉండేవాళ్లట. లోకాన్ని అంతం చేసే గడియారం ఒకటి గోడల్లో ఎక్కడో దాచిపెట్టి పోయాడు. అది టిక్కుటిక్కుమంటూ నడుస్తూనే ఉంది. ఎక్కడుందో ఎవరికీ తెలీదు.

నా టెన్షన్ గడియారంతో కాదు. లూయిస్ స్కూల్లో ఫ్రెండ్ దగ్గర గొప్ప కోసం మంత్రాల పుస్తకం పట్టుకుని, హాలోవీన్ అర్ధరాత్రి శ్మశానానికి వెళ్లి చచ్చినవాళ్లని లేపుతాడు! లేచేది సెలెన్నా. తర్వాత ఉరితీసిన మనిషి చేతితో చేసిన దీపం ఒకటి వస్తుంది. అది వెలిగిస్తే ఎదుటివాళ్లు కదల్లేరు. తొమ్మిదేళ్లవాడికి ఇవన్నీ అవసరమా? ఇంకోటి, ఇంతా చేయించిన ఆ ఫ్రెండ్ టార్బీకి ఏ శిక్షా పడదు. హాయిగా వేరేవాళ్లతో ఆడుకోడానికి వెళ్లిపోతాడు. మా వాడు దీన్నుంచి ఏం నేర్చుకుంటాడు?

మిస్టరీ అంటారు గానీ గడియారం దొరికే తీరు నాకు అస్సలు నచ్చలేదు. ఒక్క క్లూ పట్టుకుని కనిపెట్టింది లేదు. అయినా మధ్యాహ్నం అన్నం తినడం కూడా మర్చిపోయి చదివానంటే ఏదో ఉన్నట్టే కదా? అదేమిటో మీరెవరైనా చెప్తారని అడుగుతున్నా. పుస్తకం వాడి చేతిలో ఉంచాలా, తీసెయ్యాలా?

ట్రాయ్ టాకీస్:

సినిమా ఉంది కదండీ, 2018లో వచ్చింది. జాక్ బ్లాక్, కేట్ బ్లాంచెట్. మా పిల్లలు పాప్‌కార్న్ తింటూ చూశారు, ఏం కాలేదు. దర్శకుడు ఈలై రోత్, మామూలుగా రక్తపాతం సినిమాలు తీసే మనిషి. పిల్లల సినిమా ఎలా తీస్తాడా అనుకున్నా, బానే తీశాడు. పుస్తకం బదులు అది చూపించెయ్యండి, గంటన్నర చిల్లరలో అయిపోతుంది.

బ్యాటిల్ క్రీక్ బాబాయ్:

ట్రాయ్ గారూ, సినిమా వేరు, పుస్తకం వేరు. సినిమాలో శ్మశానం నుంచి లేచేది ఐజాక్. పుస్తకంలో వాడి భార్య. చిన్న మార్పే అనిపిస్తుంది గానీ, పుస్తకంలో ఆవిడ ఎదురింట్లోనే ఇంకో పేరుతో అద్దెకి దిగినట్టు వచ్చి కాపురం పెడుతుంది. దయ్యం ఆకాశం నుంచి ఊడిపడదు, పొద్దున లేచి కిటికీ తెరిస్తే ఎదురుగా కనిపిస్తుంది. సినిమాకి అంత ఓపిక లేదు. పెద్దపెద్ద చప్పుళ్లు కావాలి దానికి.

నోవై అమ్మగారూ, నాకు యాభై దాటాయి. పిల్లల పుస్తకాలు చదువుతానని ఇంట్లో నన్ను ఆటపట్టిస్తుంటారు. ఈ పుస్తకం మీద నాకు అభిమానం ఎక్కువ. ఒక కారణం, నేనుండేది బ్యాటిల్ క్రీక్‌లో. ఐ 94 హైవే మీద తూర్పుకి ఇరవై నిమిషాలు వెళ్తే మార్షల్ అనే ఊరొస్తుంది. బెల్లెయిర్స్ 1938లో పుట్టింది అక్కడే. న్యూ జెబెడీ అంటే పేరు మార్చిన మార్షల్. ఊరి పడమటి కొసన గుండ్రంగా తెల్లటి స్తంభాల మధ్య ఒక ఫౌంటెన్ ఉంటుంది, పుస్తకంలోనూ ఉంటుంది. జోనథన్ ఇంటికి నమూనా అని చెప్పే క్రోనిన్ హౌస్ ఇప్పటికీ ఉంది. పక్కన టవర్ లేచిన పాతకాలపు భవంతి. నేను రోడ్డు మీద నుంచే చూశాను. పట్టపగలు కూడా ఆ పై కిటికీ వంక కాస్త అనుమానంగానే చూస్తాం, పుస్తకం చదివినవాళ్లం.

ఇక మీ ప్రశ్న. దీన్ని డిటెక్టివ్ నవలగా దిద్దితే ముప్పై ఐదు మార్కులేసి పాస్ చెయ్యొచ్చు, అంతకన్నా రావు. ఎందుకంటే ఇందులో దొంగ ఎవరన్నది మనకి ముందే తెలుసు. సెలెన్నాని లేపింది లూయిస్. మనం పక్కనే నిలబడి చూశాం. ఇక మిగిలిన మిస్టరీ ఒక్కటే: ఆ సంగతి జోనథన్‌కి చెప్తాడా, చెప్పడా? నన్ను కూర్చోబెట్టింది అది. మీకు అన్నం మర్చిపోయేలా చేసింది కూడా అదేనని నా అనుమానం.

వాడి పరిస్థితి చూడండి. అమ్మానాన్నా లేరు. ఉన్నదంతా ఈ ఒక్క మనిషి. ఆయన మాటిమాటికీ తిట్టే రకమైతే ఎప్పుడో చెప్పేసి రెండు దెబ్బలు తిని ఊరుకునేవాడు. కానీ ఆయన చాక్లెట్ బిస్కెట్లు పెట్టి, అర్ధరాత్రి దాకా పేకాడనిచ్చి, పిల్లాడి స్నేహితుడి కోసం పెరట్లో చంద్రగ్రహణం పట్టించే మనిషి. అలాంటాయన్ని పోగొట్టుకుంటానేమోనన్న భయంతో నోరు పెగలదు. పేజీలు తిప్పుతుంటే “చెప్పెయ్యరా బాబూ” అని మనకే అనిపిస్తుంది.

పిల్లలు చదివేటప్పుడు గమనించనిది, నేను పెద్దయ్యాక చదివాను కాబట్టి నాకు కనపడిందీ ఇంకొకటుంది. దాచేది లూయిస్ ఒక్కడే కాదు. జోనథన్ కూడా దాస్తాడు. పిల్లాడు వచ్చిన కొత్తలో రాత్రిళ్లు ఆయన టార్చిలైటు పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంటాడు, గోడలు తడతాడు, గడియారాలు ఆపుతాడు. ఇంటి నిండా అన్ని గడియారాలు పెట్టుకున్నది కూడా గోడలోంచి వచ్చే ఆ ఒక్క చప్పుడు వినపడకుండా ఉండాలనే. పిల్లాడు భయపడతాడని చెప్పడు. పిల్లాడేమో తలుపు సందులోంచి చూసి ఇంకా ఎక్కువ భయపడతాడు. ఇది దయ్యాల కథలో మాత్రమే జరిగే సంగతి కాదని ఇల్లు నడిపే ఎవరికైనా తెలుసు. ఉద్యోగం ఊడుతుందేమోనని తెల్లవారుజామున హాల్లో పచార్లు చేసిన నాన్నలు ఈ ఫోరంలో ఎంతమంది లేరు? మనం చెప్పం. పిల్లలకి వినపడుతూనే ఉంటుంది.

టార్బీ గురించి మీరన్నదానికి నేను ఒప్పుకోను. పుస్తకం మొత్తంలో నిజమైన భాగం అదే. టార్బీ బేస్‌బాల్ హీరో. చెట్టు మీద నుంచి పడి చెయ్యి విరిగింది కాబట్టి, ఆడుకోడానికి ఇంకెవరూ లేక, ఈ లావుపాటి పిల్లాడితో తిరిగాడు. చెయ్యి నయమైంది. అంతే, రావడం తగ్గించేశాడు. గ్రహణం చూపించినా నిలవలేదు. అందుకే లూయిస్ శవాన్ని లేపుతానని నోరు జారాడు, ఇంకేం చూపించాలో తెలీక. తర్వాత టార్బీకి పిడుగు పడలేదు, కాలు విరగలేదు. మామూలుగా వెళ్లిపోయాడు. మీ చిన్నప్పుడు కూడా ఇలా వెళ్లిపోయిన స్నేహితురాలు ఒకరుండే ఉంటారు, ఆవిడకీ ఏ శిక్షా పడి ఉండదు. రచయిత అక్కడ నీతికథ రాసి ఉంటే నేను పుస్తకం మూసేసేవాణ్ని.

భయం విషయానికొస్తే, శ్మశానం కన్నా, ఆ చెయ్యి దీపం కన్నా, నన్ను కదిలించింది కారు ఘట్టం. ముగ్గురూ రాత్రి కారులో వస్తుంటే వెనకాల రెండు హెడ్‌లైట్లు వెంటపడతాయి. అంతే. ఆ కారులో ఎవరున్నారో చూపించడు, కోరలు లేవు, రక్తం లేదు. వంతెన దాటేదాకా జోనథన్ మాట్లాడకుండా బండి తోలడం ఒక్కటే ఉంటుంది. చలికాలం రాత్రి మన ఊళ్ల పక్క రోడ్ల మీద ఒంటరిగా నడిపినవాళ్లకి అది ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

లూయిస్ చర్చిలో ఫాదరీకి పూజలో అందించే పని చేసిన పిల్లాడు. భయమేసినప్పుడల్లా అర్థం తెలిసీ తెలియని లాటిన్ ప్రార్థనలు గొణుక్కుంటాడు. చిన్నప్పుడు కరెంటు పోయిన రాత్రి బావి దగ్గరికి వెళ్తూ మనం ఆంజనేయ దండకం గబగబా చదువుకున్నట్టే. మీ అత్తగారికి ఆ పేజీ చెప్పి చూడండి, పుస్తకం మీద కోపం సగం తగ్గుతుంది.

గడియారం దొరికే తీరు మీకు నచ్చలేదన్నారు. నాకూ మొదటిసారి ఒళ్లు మండింది. పిల్లాడిని కూర్చోబెట్టి “నీకు తోచిన పిచ్చి తంతు ఏదో ఒకటి కల్పించు” అంటే, వాడు పేకాట, జోస్యం చెప్పే ఆటబొమ్మ బంతి కలిపి ఏదో చేస్తాడు, ఆ బంతిలో జవాబు తేలుతుంది. రచయిత దొడ్డిదారిన వచ్చినట్టే. కానీ జోనథన్ వాదన ఒకటుంది. ఇజార్డ్ పన్నాగం పెద్దవాళ్ల తెలివికి అందకుండా కట్టిన లెక్క, దాన్ని ఇంకో లెక్కతో విప్పలేం, అర్థంపర్థం లేని పిల్లచేష్టే విప్పాలి. మిస్టరీ అభిమానిగా నేనిది క్షమించను. అల్లరి పిల్లల మేనమామగా క్షమించేశాను. చివర్లో పెద్దవాళ్లిద్దరూ బిగుసుకుపోయి ఉంటే గడియారాన్ని పగలగొట్టేది కూడా లూయిసే, అది మర్చిపోకండి.

ఒక సంగతి తెలిస్తే మీకు కొన్ని చిక్కులు విడిపోతాయి. బెల్లెయిర్స్ దీన్ని ముందు పెద్దల నవలగానే రాశాడు. పిల్లల కోసం మార్చమని సలహా వస్తే మార్చాడు, 1973లో వచ్చింది. అందుకే పేకాట, పైపు పొగ, జోనథన్‌కీ జిమ్మర్‌మన్ గారికీ మధ్య నడిచే ఆ తిట్ల వరస అలాగే ఉండిపోయాయి. వాళ్లిద్దరూ మొగుడూపెళ్లాలు కారు, ప్రేమికులు కారు. సాయంత్రం కాగానే ఒకరింటికొకరు వచ్చి “గడ్డపోడా”, “ముసలి మొహమా” అని తిట్టుకుంటూ పేక వేసుకునే ఇరుగుపొరుగు. పిల్లల పుస్తకాల్లో పెద్దవాళ్లని ఇంత తీరిగ్గా రాసినవి నేను ఎక్కువ చూడలేదు.

తీసెయ్యకండి. మీ వాడు చదువుతున్నది ఎడ్వర్డ్ గోరీ బొమ్మలున్న ప్రతి అయితే మరీ మంచిది. సన్నటి నల్లగీతలతో వేసిన బొమ్మలు, చూపించేదానికన్నా దాచేది ఎక్కువ. వాడిని దయ్యం గురించి అడక్కండి. లూయిస్ ఎందుకు చెప్పలేదురా అని అడిగి చూడండి.

లైబ్రరీ పీరియడ్:

హైదరాబాద్ నుంచి. స్కూల్లో లైబ్రరీ చూస్తాను, ఆరో తరగతికి ఈ పుస్తకం కొంత చదివి వినిపించాను.

బాబాయ్ గారూ, మీరు చెప్పింది మీ వయసు చదువు. బాగుంది, కానీ పిల్లలు అలా చదవరు. రహస్యం, మౌనం అంటూ మీరు రాసినంతా వినేలోపు మా పిల్లలు “మేడం, ఆ చెయ్యి దీపానికి నూనె ఎక్కడ పోస్తారు?” అని అడిగారు. శవం లేచిందంటే ఒక్కరూ జంకలేదు. బేతాళుడు భుజం మీద కూర్చుని కథలు చెప్పే దేశంలో పుట్టినవాళ్లు, శవం మాట్లాడకపోతేనే ఆశ్చర్యపోతారు. వాళ్లు అడ్డం పడింది వేరే చోట్ల. ఇంటి కింద బొగ్గు గది ఎందుకుంటుంది? హాలోవీన్ అంటే పండగా, తద్దినమా? ఈ చివరిది నిజంగానే ఒకడు అడిగాడు, నేను కాసేపు ఆలోచించాల్సి వచ్చింది.

క్లాసు నిశ్శబ్దమైపోయింది మాత్రం మొదటి పేజీలకే. పదేళ్లవాడు ఒక్కడే బస్సులో, ఎప్పుడూ చూడని బంధువు ఇంటికి. మా దగ్గర హాస్టల్ పిల్లలు కొందరున్నారు. మంత్రగాడు వచ్చాక వాళ్లు హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

నా ఫిర్యాదులు రెండు. లూయిస్ లావుగా ఉంటాడని రచయిత వదలకుండా గుర్తుచేస్తుంటాడు. వాడి మీద జాలితోనే రాశాడు, కాదనను. కానీ చదివి వినిపించేటప్పుడు వెనక బెంచీ నవ్వు ఎవరి వైపు తిరుగుతుందో నాకు తెలుసు. కొన్ని వాక్యాలు దాటేశాను. రెండోది, అమ్మానాన్న పోయిన పిల్లాడు వాళ్ల కోసం ఏడ్చేది ఎంత? మాయలు మొదలయ్యాక వాళ్ల ఊసు దాదాపు ఉండదు. శ్మశానానికి వెళ్లి చచ్చినవాళ్లని లేపగలిగిన పిల్లాడికి, తల్లినో తండ్రినో లేపాలని ఒక్కసారైనా అనిపించదా? పెద్దల నవలగా ఉన్నప్పుడైనా ఆయన ఆ ప్రశ్న వేసుకుని ఉండాల్సింది.

బ్యాటిల్ క్రీక్ బాబాయ్:

మేడం గారూ, ఆ చివరి మాటకి నా దగ్గర జవాబు లేదు. రెండు మూడుసార్లు చదివాను గానీ అది నాకు తట్టనే లేదు. వాళ్లని లేపే ఆలోచన వచ్చి ఉంటే పుస్తకం వేరేదైపోయేది, తొమ్మిదేళ్లవాళ్లకి నేనే వద్దనేవాణ్ని. తెలిసే పక్కన పెట్టాడేమో అని సమర్థించుకుంటున్నాను, అభిమానిని కదా.

లావు గురించి మాత్రం ఒక మాట. బెల్లెయిర్స్ చిన్నప్పుడు తానూ అలాంటి పిల్లాడినేనని చెప్పుకున్నవాడు. బయటివాడు వెక్కిరించినట్టు నాకనిపించలేదు. కానీ వెనక బెంచీ సంగతి మీకే తెలుసు.

నోవై అమ్మ:

అందరికీ థాంక్స్. నిన్న రాత్రి మా వాడిని అడిగాను, లూయిస్ ఎందుకు చెప్పలేదురా అని. “వాళ్ల అంకుల్ తిట్టడు కదమ్మా, అందుకే” అన్నాడు. తిట్టకపోతే చెప్పడానికి ఈజీయే కదరా అంటే, నాకేం తెలీనట్టు ఒక చూపు చూసి పేజీ తిప్పేశాడు. బాబాయ్ గారూ, మీరు అంత పొడుగు రాసింది వాడు నాలుగు మాటల్లో తేల్చేశాడు, ఏమనుకోకండి. మేడం గారూ, పిల్లలు అలా చదవరన్నారు, మరి దీన్నేమంటారు?

మా అత్తగారికి లాటిన్ ప్రార్థనల సంగతి చెప్పాను. “అయితే దేవుడంటే భయముందన్నమాట” అని కాస్త మెత్తబడ్డారు. కానీ ఎనిమిది తర్వాత చదవకూడదని కొత్త రూలు పెట్టారు. అది నాకూ నచ్చింది.

ఇప్పుడు వాడికి తర్వాతి పుస్తకం కావాలట. చివర్లో వచ్చే ఆ అమ్మాయి ఉంటుందా అని అడుగుతున్నాడు.

బ్యాటిల్ క్రీక్ బాబాయ్:

రోజ్ రీటా! ఫిరంగుల పేర్లన్నీ గడగడా చెప్పే పిల్ల. ఉంటుంది. 1975లో వచ్చిన ‘ద ఫిగర్ ఇన్ ద షాడోస్’లో ఆ అమ్మాయీ లూయిసూ కలిసే ఉంటారు, తాతగారి పాత నాణెం చుట్టూ కథ. ఇది మొదటిదానికన్నా చీకటిగా ఉంటుంది, కాబట్టి ముందు మీరు చదవండి. 1976లో వచ్చిన మూడోది ‘ద లెటర్, ద విచ్, అండ్ ద రింగ్’. అందులో లూయిస్ క్యాంపుకి పోతే, రోజ్ రీటా, జిమ్మర్‌మన్ గారు కారేసుకుని ఊళ్లు తిరుగుతారు. నాకు ఆ మూడోదే ఎక్కువ ఇష్టం. మొదటి మూడింటికీ బొమ్మలు వేసింది ముగ్గురు వేర్వేరు చిత్రకారులు, రెండో పుస్తకంలో గోరీ కోసం వెతక్కండి. 1991లో బెల్లెయిర్స్ పోయాక బ్రాడ్ స్ట్రిక్‌ల్యాండ్ అనే ఆయన ఈ సిరీస్‌ని కొనసాగించాడు. అవి మీ వాడు ఇంకో రెండేళ్లాగి చూసుకోవచ్చు.

మార్షల్ మీకు గంటన్నర డ్రైవ్. ఎండాకాలం సెలవుల్లో వస్తే ముందుగా చెప్పండి, ఊరు నేను చూపిస్తాను, భోజనం మా ఇంట్లో. అత్తగారిని కూడా తీసుకురండి, ఎనిమిదిలోపే ఇంటికి పంపించేస్తాం.